తిరిగొచ్చిన కంచాలు చూడండి: హోమ్ భోజనాలపై మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద. అమ్మో నాన్నో వృద్ధాశ్రమంలో ఉన్నారు, అక్కడ తిండి ఎలా ఉందో అర్థం కావట్లేదు, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం. హోమ్ నడిపేవాళ్లు రాసిన ఉత్తరం ఒకటి, హోమ్‌లో ఉంటున్న పెద్దాయన స్వయంగా రాసింది ఒకటి కూడా ఉన్నాయి, అందుకే నెల మొత్తం దీనికే ఇచ్చేశాం. ఉత్తరాలు కుదించాం, ఊరి పేరు మాత్రం ఉంచాం. నేను డైటీషియన్‌ని, డాక్టర్‌ని కాదు. మందుల మార్పు దగ్గరికి వచ్చేసరికి మీ డాక్టర్ మాటే వినండి.

మా అమ్మకు 78 ఏళ్లు. ఏడాదిగా సిటీ శివార్లలో ఒక హోమ్‌లో ఉంటోంది. బీపీ ఉంది, షుగర్ లేదు. ఫోన్ చేసినప్పుడల్లా "కూరల్లో ఉప్పుండదు, కారముండదు, గడ్డి తిన్నట్టుంది" అంటుంది. మేనేజర్‌ని అడిగితే "చార్ట్ ప్రకారమే పెడుతున్నామండీ, పెద్దవాళ్లు అలాగే అంటారు" అన్నాడు. నాలుగు నెలల కింద 54 కిలోలు ఉండేది, మొన్న చూస్తే 49. అమ్మ పేచీ పెడుతోందా, నేను గట్టిగా అడగాలా? (హైదరాబాద్)

గట్టిగానే అడగండి. 54 నుంచి 49 అంటే తొమ్మిది శాతం పైనే తగ్గారు. పెద్దవాళ్లలో నెలలో 5 శాతం, లేదా ఆరు నెలల్లో 10 శాతం బరువు అనుకోకుండా తగ్గితే దాన్ని సీరియస్‌గా తీసుకోవాలని వైద్యుల లెక్క, మీ అమ్మగారు నాలుగు నెలల్లోనే ఆ గీత దగ్గరికి వచ్చేశారు. "ఈ వయసులో సన్నబడటం మామూలే" అని ఎవరైనా అంటే నమ్మకండి. ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి థైరాయిడ్, షుగర్, టీబీ, డిప్రెషన్ లాంటివి ఉన్నాయేమో చూపించండి. కొత్తగా మొదలుపెట్టిన మాత్ర ఏదైనా ఆకలిని చంపేస్తోందేమో అడగండి. అలాగే నోరు తెరిపించి చూడండి. బరువు తగ్గితే చిగుళ్లు కూడా తగ్గి పళ్లసెట్టు వదులైపోతుంది, వదులైన సెట్టు ఒరుసుకుని పుండు పడుతుంది, అది చెప్పడానికి సిగ్గుపడి "ఆకలి లేదు" అనేస్తారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

ఇక చప్పటి కూరల సంగతి. చాలా హోమ్‌లలో జరిగేదేమిటంటే, నలభై మందికి ఒకటే గిన్నెలో వండుతారు, అందులో ఇద్దరికి కిడ్నీ జబ్బు ఉంటే ఆ ఇద్దరికి సరిపడే ఉప్పే మిగతా అందరికీ. రెండు రకాలుగా వండే తీరిక వంటామెకు ఉండదు. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దని చెప్తుంది, అంటే సుమారు ఒక టీస్పూన్. ఆ లెక్క మంచిదే, కాకపోతే అది మూడు పూటలా సరిగ్గా తినేవాళ్ల లెక్క. సగం అన్నం వదిలేసే మనిషి దగ్గర ఉప్పు మిగిల్చి ఏం లాభం? వయసుతో నాలుక మీద రుచి తగ్గుతుంది, వాసన ఇంకా తగ్గుతుంది, దానికి తోడు పోపు కూడా లేని సొరకాయ కూర పెడితే ఎవరు తింటారు చెప్పండి.

డాక్టర్‌ని సూటిగా ఇలా అడగండి: "అమ్మ బరువు తగ్గుతోంది, ఉప్పు కొంచెం సడలించవచ్చా?" గుండె బలహీనంగా ఉండి కాళ్లకు నీరు పట్టేవాళ్లకు, కిడ్నీ పాడైనవాళ్లకు కుదరదంటారు. మామూలు బీపీ అయితే చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోయినా దారులున్నాయి. ఉప్పు పెంచకుండా రుచి పెంచేవి మన వంటింట్లో బోలెడు: ఇంగువ పోపు, నిమ్మకాయ, చింతపండు, అల్లం, వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, వేయించిన జీలకర్ర. ఉప్పు తక్కువ వేసి కొట్టిన కందిపొడి ఒక డబ్బా, చిన్న నెయ్యి సీసా అమ్మగారి బల్ల మీద ఉండనివ్వమని హోమ్ వాళ్లతో మాట్లాడండి. మొదటి నాలుగు ముద్దలు కందిపొడి, నెయ్యితో లోపలికి వెళ్తే మిగతా అన్నం దాని వెనకే వెళ్తుంది. ఆవకాయ సీసాలు ఆఫీసు గదిలో పెట్టి తాళం వేసే హోమ్‌లు ఉన్నాయి, నాకది బొత్తిగా నచ్చదు. రోజూ మధ్యాహ్నం ఒక చిన్న ముక్క రాసుకోనివ్వండి, గిన్నెలో పెట్టుకుని తినడం వేరు, కంచం అంచున రాసుకోవడం వేరు. ఒక జాగ్రత్త: బీపీకి మంచిదని "లో సోడియం" ఉప్పు ప్యాకెట్ కొనిపెట్టకండి. అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ సరిగా లేనివాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లకు అది ప్రమాదం.

మేనేజర్ చార్ట్ చూపిస్తే చూడండి, కాదనొద్దు. ఆ తర్వాత "గత నాలుగు నెలల బరువుల పుస్తకం చూపించండి" అనండి. నెలనెలా బరువు రాయని హోమ్‌లో చార్ట్ ఎంత రంగుల్లో ఉన్నా గోడకు అందమే.

నాన్నగారిని హోమ్‌లో చేర్చాలని చూస్తున్నాం. మూడు హోమ్‌లు తిరిగాం, మూడు చోట్లా వంటగది శుభ్రంగానే ఉంది, మెనూ బోర్డు బాగుంది. ఇంకేం చూడాలి? (బెంగళూరు నుంచి)

వంటగది మీరొస్తారని తెలిసినప్పుడు శుభ్రంగానే ఉంటుంది. మీరు భోజనాలయ్యే టైముకి వెళ్లి, కంచాలు తిరిగొచ్చే చోట ఒక పావుగంట నిలబడండి. ఎంగిలి కంచాల్లో ఏం మిగిలిందో చూస్తే ఆ హోమ్ గురించి మొత్తం తెలిసిపోతుంది. అన్నం ఖాళీ, కూర అలాగే ఉందంటే కూర బాగోలేదు. అన్నీ సగం సగం ఉన్నాయంటే అన్నం గట్టిగానైనా ఉండాలి, తొందర పెట్టి కంచాలు లాగేస్తున్నారైనా అయ్యుండాలి. నాలుగైదు కంచాలు అసలు ముట్టుకోలేదంటే అవి మంచం మీద ఉన్నవాళ్లవి, తినిపించే మనిషి రాలేదని అర్థం. ఈ చివరిది కనబడితే నేనైతే ఇంకో హోమ్ చూసుకుంటాను.

తర్వాత గంటలు అడగండి. రాత్రి భోజనం ఎన్నింటికి, పొద్దున టిఫిన్ ఎన్నింటికి? స్టాఫ్ ఇళ్లకు వెళ్లాలని సాయంత్రం ఆరున్నరకే అన్నం పెట్టేసి, మర్నాడు తొమ్మిదికి ఇడ్లీ ఇచ్చే చోట్లున్నాయి. మధ్యలో పద్నాలుగున్నర గంటలు. పడుకునే ముందు గ్లాసు పాలో రెండు బిస్కెట్లో అరటిపండో ఇస్తారా, తెల్లవారుజామున లేచేవాళ్లకు కాఫీ దొరుకుతుందా? మీ నాన్నగారు జీవితమంతా ఐదింటికి కాఫీ తాగే మనిషైతే, ఏడున్నర దాకా ఆగమనడం ఆయనకు పెద్ద శిక్ష, ఇది ముందే మాట్లాడుకోవాలి.

కాగితాల్లో చూడాల్సినవి రెండే. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ లేదా లైసెన్స్ నంబర్, 14 అంకెలుంటుంది, గోడ మీద కనబడాలి. వంట బయట క్యాటరింగ్ వాళ్లదైతే వాళ్ల నంబర్ అడగండి. రెండోది ఒప్పందం. నెల ఫీజులో ఏ పూట ఏమేం వస్తాయి, మెత్తటి భోజనానికి ఎక్స్‌ట్రా ఉందా, తినిపించడానికి విడిగా డబ్బు తీసుకుంటారా అన్నది రాతలో ఉండాలి. "అదంతా మనలో మనం చూసుకుందాం సార్" అంటే అక్కడే కూర్చుని రాయించుకోండి. చేర్చే ముందు ఒక పూట మీరు కూడా డబ్బు కట్టి అక్కడే తినండి, గెస్టుల టేబుల్ దగ్గర కాదు, వాళ్ల పక్కన.

అమ్మకు షుగర్. హోమ్‌లో ఎనిమిదింటికి మాత్ర ఇచ్చేస్తారు, టిఫిన్ ఒక్కోసారి తొమ్మిదిన్నర అవుతోంది. ఆలోపు చెమటలు, వణుకు వస్తున్నాయంటోంది. (కర్నూలు)

ఇది ఈరోజే ఫోన్ చేసి చెప్పాల్సిన విషయం. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వేశాక తిండి ఆలస్యమైతే షుగర్ బాగా పడిపోతుంది, పెద్దవాళ్లలో అది కింద పడిపోవడానికి, స్పృహ తప్పడానికి దారితీస్తుంది. మాత్ర గడియారం చూసి ఇవ్వకూడదు, ఇడ్లీ ప్లేటు చేతికొచ్చాక ఇవ్వాలి. చెమటలు పట్టినప్పుడు షుగర్ చూసి 70 కన్నా తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు నాలుగు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి, ఆ వెంటనే ఏదైనా తినిపించాలి. చూసే మెషీన్ దగ్గర లేకపోతే దాని కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా పంచదార నీళ్లు ఇచ్చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇలా మాటిమాటికీ పడిపోతోందని డాక్టర్‌కి చెప్పండి, డోసు తగ్గించవచ్చు. పెద్ద వయసులో షుగర్ మరీ బిగించి పట్టుకోవాల్సిన పని చాలామందికి ఉండదు.

మేం గుంటూరు దగ్గర చిన్న ఆశ్రమం నడుపుతున్నాం, 22 మంది ఉన్నారు. విరాళాల మీదే నడుస్తుంది. ప్రోటీన్ పెట్టండి, ప్రోటీన్ పెట్టండి అని డాక్టర్ గారు అంటారు, ఆ డబ్బాల పొడులు మేం ఎక్కడ కొనగలం? (గుంటూరు జిల్లా)

డబ్బాలు కొనకండి. ఆ డబ్బుకి గుడ్లు, పప్పు వస్తాయి.

లెక్క ఇలా వేసుకోండి. కిడ్నీ జబ్బు లేని పెద్దవాళ్లకు కిలో బరువుకి ఒక గ్రాము ప్రోటీన్ ఉంటే మంచిదని ఇప్పుడు చాలామంది నిపుణులు చెప్తున్నారు. యాభై కిలోల మనిషికి 50 గ్రాములు. పొద్దున పెసరట్టు వేస్తే, మనిషికి 50 గ్రాముల పెసలు పడితే అందులోనే 12 గ్రాములు వచ్చేస్తాయి. గుడ్డు 6. గ్లాసు పాలు 6, కప్పు పెరుగు 5. రెండు పూటల అన్నంలో, 150 గ్రాముల బియ్యం అనుకుంటే, 11 దాకా. పప్పు 30 గ్రాములు వేస్తే 6 పైన. గుప్పెడు వేరుశనగలు, పచ్చడిగానో పొడిగానో, ఇంకో 5. యాభై దాటేశాం, ఇందులో ఖరీదైనది ఒక్కటీ లేదు.

ఎక్కడ తేడా కొడుతుందంటే పప్పు గిన్నెలో. 22 మందికి మనిషికి 30 గ్రాముల చొప్పున 660 గ్రాముల కందిపప్పు పడాలి, ఒక్క పూటకి. మీ వంటామె ఎంత వేస్తోందో ఒకసారి తూకం వేసి చూడండి. చాలా చోట్ల అరకిలో కూడా పడదు, మిగతాదంతా నీళ్లు, టమాటా, పసుపు రంగు. దాన్ని పప్పు అని బోర్డు మీద రాస్తారు, కంచంలో అది అన్నం చుట్టూ కాలవలా పారుతుంటుంది. మజ్జిగదీ అదే కథ. పెరుగు కప్పులో వేసి ఇస్తే ఐదు గ్రాములు, అదే పెరుగు అందరికీ సాగదీసి మజ్జిగ చేస్తే గ్లాసుకి ఏమీ మిగలదు. ఎండాకాలం మజ్జిగ కావాలి, కాదనను, కానీ అది దాహానికి.

గుడ్డు తినని వాళ్లకు సోయా చంక్స్ వాడండి. 15 గ్రాముల్లో 7, 8 గ్రాములుంటుంది. నానబెట్టి గట్టిగా పిండి, మిక్సీలో ఒక్కసారి తిప్పి కూరలో కలిపితే పళ్లు లేనివాళ్లు కూడా తింటారు. మొదట్లో కొద్దిగానే వేయండి, కొందరికి కడుపు ఉబ్బుతుంది. సాయంత్రం టీతో రస్కుల బదులు వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వండి, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. పాలు కలిపి కాస్తే ఇంకా మంచిది.

విరాళాల గురించి ఒక మాట. పుట్టినరోజని, పెద్దల తిథి అని దాతలు వచ్చి పులిహోర, బూరెలు, బిర్యానీ పెట్టి ఫోటోలు తీసుకుని వెళ్తారు. వారంలో మూడు రోజులు అదే అయితే పెద్దవాళ్ల కడుపులు పాడవుతాయి, నాలుగో రోజు పాలకి డబ్బుండదు. మర్యాదగానే చెప్పండి: ఆ రోజు భోజనానికయ్యే డబ్బు ఇవ్వండి, వంట మేం చేస్తాం, ఒక స్వీటు మీ పేరున పెడతాం అని. నెలకి సరిపడా గుడ్లు, 20 కిలోల కందిపప్పు, పాలవాడి బిల్లు అని ఒక పట్టిక గేటు దగ్గర పెట్టండి. చాలామంది సంతోషంగా ఇస్తారు, వాళ్లకి ఏమివ్వాలో తెలియకే బిర్యానీ తెస్తున్నారు. బయట నుంచి వండి తెచ్చిన అన్నం పొద్దున వండింది సాయంత్రం దాకా బల్ల మీద ఉంచి పెట్టడం మాత్రం ఒప్పుకోకండి. వండిన అన్నం వేడి తగ్గి అలాగే పడి ఉంటే అందులో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషాన్ని మళ్లీ వేడి చేసినా పోగొట్టలేం.

నాన్నకి పక్షవాతం వచ్చి ఐదు నెలలైంది. హోమ్‌లో ఆయా పడుకోబెట్టే తినిపిస్తుంది. అన్నం, పప్పు, కూర, అన్నీ కలిపి మిక్సీ వేసి జావలా చేసి ఇస్తారు. నీళ్లు తాగితే పొలమారుతుంది. ఈ మధ్య రెండుసార్లు జ్వరం వచ్చి తగ్గింది. (విశాఖపట్నం)

పొలమారడం, మధ్య మధ్య జ్వరం, ఈ రెండూ కలిసి వస్తున్నాయంటే తిండి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయేమో అని అనుమానించాలి. దానివల్ల న్యుమోనియా వస్తుంది. ఆలస్యం చేయకుండా న్యూరాలజీ డాక్టర్‌ని కలిసి, మింగడం పరీక్ష చేయించమని అడగండి. స్పీచ్ థెరపిస్ట్‌లు చేస్తారు, పేరు చూసి వాళ్లు మాటలకే అనుకుంటారు చాలామంది. కొందరికి దగ్గు కూడా రాకుండానే లోపలికి పోతుంది, కాబట్టి దగ్గు తగ్గిందంటే బాగైందని అనుకోవద్దు.

ఈలోపు ఆయాకి చెప్పాల్సింది: పడుకోబెట్టి ఒక్క చెంచా కూడా వద్దు. కుర్చీలో గానీ, మంచం తల వైపు బాగా ఎత్తి గానీ నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి ఉండాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. తినిపించే మనిషి నిలబడి పైనుంచి పెట్టకూడదు, ఎదురుగా కూర్చోవాలి, లేకపోతే ఆయన తల పైకెత్తాల్సి వస్తుంది, తల పైకెత్తితే ఊపిరి గొట్టం దారి తెరుచుకుంటుంది. చిన్న చెంచా, సగం నింపి. మింగాడో లేదో గొంతు కదలిక చూసి తర్వాతి చెంచా. చెయ్యి పడిపోయిన వైపే నోరు కూడా బలహీనంగా ఉంటుంది, అన్నం ఆ బుగ్గలో చేరిపోతుంది, బాగున్న వైపు పెట్టాలి. భోజనమయ్యాక నోరు శుభ్రం చేయాలి, పళ్లు లేకపోయినా సరే.

మనవాళ్లు అనుకునేదానికి రివర్స్‌లో, మింగలేని మనిషికి అన్నిటికన్నా ప్రమాదం పల్చటివే. మంచినీళ్లు, చారు, మజ్జిగ, కొబ్బరినీళ్లు. వాటికన్నా మెత్తగా కలిపిన నెయ్యి పప్పన్నం నయం. సాంబార్‌లో నానిన ఇడ్లీ కూడా మోసమే, నోట్లో నీళ్లు ముందు జారిపోతాయి, ముక్క వెనక మిగిలిపోతుంది. అటుకులు, మరమరాలు, జంతికలు, ముద్దగా అంటుకునే సున్నుండ, ఇవన్నీ పక్కన పెట్టండి. నీళ్లు చిక్కగా చేసే పొడి మందుల షాపుల్లో దొరుకుతుంది, కానీ ఎంత చిక్కదనం అన్నది పరీక్ష చేసిన వాళ్లే చెప్పాలి.

ఆ మిక్సీ జావ గురించి. మెత్తగా చేయాల్సిందే కావచ్చు, కానీ అన్నీ ఒకే జార్‌లో వేసి బూడిద రంగు ముద్ద చేయాల్సిన అవసరం ఏముంది? పప్పన్నం విడిగా, కూర విడిగా మెదిపి ఒకే కంచంలో రెండు చోట్ల పెట్టొచ్చు. మీ నాన్నగారికి మాట సరిగా రాకపోవచ్చు, దొండకాయ ఏదో పప్పు ఏదో మాత్రం నాలుకకి తెలుస్తుంది. రెండు నిమిషాల పని ఎక్కువ, అంతే. మాత్రలు కూడా నలిపి కలిపేస్తుంటారు, కొన్ని మాత్రలు నలపకూడదు, ఆ లిస్ట్ డాక్టర్ దగ్గర రాయించుకోండి.

అత్తయ్యకి మతిమరుపు జబ్బు. మేం వెళ్తే "నాకు మూడు రోజులుగా అన్నం పెట్టలేదు" అంటుంది. హోమ్‌వాళ్లేమో పెడితే తినట్లేదు అంటారు. ఎవరిని నమ్మాలి? (వరంగల్)

ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు. ఆవిడకి తిన్నట్టు గుర్తుండదు, కాబట్టి పెట్టలేదనే అనిపిస్తుంది. కంచం ముందు పెట్టి ఆయా వెళ్లిపోతే, ఇది అన్నం, దీన్ని కలుపుకోవాలి అన్నది కూడా గుర్తు రాకపోవచ్చు, అప్పుడు హోమ్‌వాళ్ల మాట నిజం. బరువుల పుస్తకమే ఇక్కడా సాక్ష్యం. చెప్పకుండా భోజనం టైముకి ఒకసారి వెళ్లండి.

కంచం రంగు చూడండి. తెల్ల పింగాణీ ప్లేటులో తెల్ల అన్నం, మీద పెరుగు. మనకి కనబడుతుంది, ఆవిడకి అక్కడేమీ లేనట్టుంటుంది. స్టీలు కంచమైతే ట్యూబ్‌లైటు మెరుపు. అమెరికాలో 2004లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో అల్జీమర్స్ (మతిమరుపు జబ్బుల్లో ఒకటి) బాగా ముదిరిన వాళ్లకు తెల్ల ప్లేట్ల బదులు ముదురు ఎరుపు ప్లేట్లు పెడితే నాలుగో వంతు ఎక్కువ తిన్నారు. చిన్న అధ్యయనమే, కానీ వంద రూపాయల ప్లేటు కొనిచ్చి చూస్తే పోయేదేముంది. పూలు, డిజైన్లు లేనిది కొనండి, ఆ పూలను ఏరుకోవడం మొదలుపెడతారు.

ఒక్కసారే ఐదు రకాలు వడ్డించొద్దు, ఒకదాని తర్వాత ఒకటి. టీవీ ఆపేయాలి. చెంచా పట్టుకోలేకపోతే చేత్తో తినేవి ఇవ్వండి: ఇడ్లీ ముక్కలు, పెసరట్టు చుట్టలు, అరటిపండు, ఉడికిన గుడ్డు నాలుగు ముక్కలు. మనకి ఒక సౌకర్యం ఉంది, చేత్తో తినే అలవాటు ఒంట్లో ఉండిపోతుంది. అన్నం కలిపి ముద్ద చేసి ఆవిడ అరచేతిలో పెడితే, నోటిదాకా తనే తీసుకెళ్తుంది చూడండి. పక్కన కూర్చుని మీరూ తింటుంటే ఇంకా నయం. తీపి మీద ఇష్టం పెరుగుతుంది, షుగర్ లేకపోతే పోరు పెట్టకండి, పరమాన్నంలో పాలుంటాయి కదా.

"పెట్టలేదు" అన్నప్పుడు "ఇప్పుడే తిన్నారు కదా" అని వాదించడం దండగ. "అవునా, అయితే ఇది తినండి" అని సగం అరటిపండు ఇవ్వండి. జబ్బు చివరి దశకి వచ్చాక ముక్కులోంచో పొట్టలోంచో గొట్టం పెడదామని ఎవరైనా అంటే, ఇంట్లోవాళ్లంతా కూర్చుని డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయించుకోండి. ముదిరిన మతిమరుపు జబ్బులో గొట్టం వల్ల ఆయుష్షు పెరుగుతుందని గానీ న్యుమోనియా తగ్గుతుందని గానీ ఆధారాలు లేవు, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలని అమెరికా వృద్ధుల వైద్యుల సంఘం కూడా చెప్పింది.

అమ్మ మా దగ్గరికి వచ్చి పడి తుంటి విరిగింది. ఆపరేషన్ తర్వాత ఇక్కడి నర్సింగ్ హోమ్‌లో పెట్టాం. శాకాహారి, గుడ్డు కూడా తినదు. రోజూ బంగాళదుంప ముద్ద, సలాడ్, చల్లటి శాండ్‌విచ్. మేం ఉద్యోగాలకి వెళ్తే అమ్మ అలాగే పడుకుంటోంది. (న్యూజెర్సీ, అమెరికా)

విరిగిన ఎముక అతకాలంటే ప్రోటీన్ కావాల్సిన సమయంలో సలాడ్ మీద ఉంచడం కుదరదు, అడిగే హక్కు మీకుంది. మెడికేర్, మెడికెయిడ్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు) గుర్తింపు ఉన్న నర్సింగ్ హోమ్‌లకి ఫెడరల్ నిబంధనలున్నాయి: మెనూ తయారుచేసేటప్పుడు అక్కడున్నవాళ్ల మత, సాంస్కృతిక అలవాట్లను వీలైనంత వరకు లెక్కలోకి తీసుకోవాలి, వద్దన్నదానికి బదులు అంతే పోషణ ఉన్న ఇంకోటి ఇవ్వాలి. రాత్రి భోజనానికీ టిఫిన్‌కీ మధ్య మామూలుగా 14 గంటలు దాటకూడదు. ఇంటి నుంచి తెచ్చిన తిండిని ఎలా దాచాలో, ఎలా వేడిచేయాలో వాళ్ల దగ్గర ఒక పాలసీ కూడా ఉండాలి.

కాబట్టి వంటవాళ్లతో గొడవపడకుండా కేర్ ప్లాన్ మీటింగ్ అడగండి, డైటీషియన్ తప్పకుండా ఉండాలని చెప్పండి. "వెజిటేరియన్" అని చెప్తే వాళ్లు గుడ్డు, చీజ్ పెడతారు, చేప కూడా పెట్టినవాళ్లున్నారు. ఏవి తినదో కాదు, ఏవి తింటుందో రాసివ్వండి: అన్నం, ఉడికించిన పప్పు, పెరుగు, పాలు, ఓట్స్, వేడి సూప్, పీనట్ బటర్, అరటిపండు. ఆ వంటగదిలో ఇవన్నీ ఉండేవే. మీరు వారాంతంలో పప్పు, కూర చిన్న డబ్బాల్లో పోసి పేరు, తేదీ రాసి ఇవ్వండి. పూర్తి శాకాహారి కాబట్టి విటమిన్ బీ12 ఒకసారి చూపించండి, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే మరీను. మీటింగ్ తర్వాత కూడా మారకపోతే ప్రతి రాష్ట్రంలోనూ లాంగ్ టర్మ్ కేర్ ఓంబుడ్స్‌మన్ (హోమ్‌లలో ఉండేవాళ్ల తరఫున ఫిర్యాదులు చూసే అధికారి) ఆఫీసు ఉంటుంది, ఫిర్యాదు చేయడానికి డబ్బు కట్టక్కర్లేదు. అసిస్టెడ్ లివింగ్ (రోజువారీ పనుల్లో సాయం చేసే హోమ్) అయితే రూల్స్ రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

అయ్యా/అమ్మా, నాకు 74. నెలనెలా నా పెన్షన్‌లోంచే ఫీజు కడతాను. చేరినప్పుడు ఆదివారం కోడికూర, బుధవారం చేప అన్నారు. చేప ఆగిపోయి చాలా రోజులైంది, కోడికూరలో రెండు ఎముకలొస్తాయి. అడిగితే "ఈ వయసులో నాన్‌వెజ్ ఎందుకు తాతగారూ, అరగదు" అని నవ్వుతారు. నా అరుగుదల సంగతి నాకు తెలియదా? (రాజమహేంద్రవరం)

బాబాయిగారూ, మీకే తెలుసు. గోదావరి ఒడ్డున కూర్చోబెట్టి చేప ఎందుకు అనడం కూడా ఒక ధైర్యమే. 74 ఏళ్ల మనిషికి చేప చాలా మంచి ప్రోటీన్, మెత్తగా ఉంటుంది, పళ్లతో పెద్దగా పని ఉండదు. అరగదన్నది వయసుకి అంటగట్టే మాట. మీ డాక్టర్ వద్దని రాసి ఉంటే తప్ప వాళ్లు వద్దనడానికి లేదు.

ముల్లు భయం మాత్రం నిజమైనది, వాళ్ల వైపు నుంచి కూడా ఆలోచిద్దాం. పదిమందికి వడ్డించేటప్పుడు ఎవరి గొంతులో ముల్లు గుచ్చుకుంటుందో అని వాళ్లకి టెన్షన్. అందుకని ముళ్లు తక్కువుండే కొరమీను, నడిముల్లు తీసేస్తే సరిపోయే వంజరం అడగండి. ఖరీదెక్కువ అంటారు. అయితే వారానికోసారి కాకుండా పదిహేను రోజులకోసారి సరైన చేప, మధ్యలో గుడ్డు పులుసు అని బేరం పెట్టండి. కోడికూర బోన్‌లెస్ గానీ కీమా గానీ చేస్తే ఎముకల లెక్క ఉండదు, పళ్లులేని వాళ్లకీ అందుతుంది.

ఒక్కరే అడిగితే నవ్వి వదిలేస్తారు, మీలాంటి వాళ్లు ఇంకో ఐదారుగురు ఉంటారు, అందరూ సంతకాలు పెట్టి కాగితం ఇవ్వండి. నెలకోసారి మెనూ మీద అందరూ కూర్చుని మాట్లాడుకునే పద్ధతి పెట్టమని అందులోనే రాయండి. వంటామెని కూడా పిలవండి, ఆవిడకి ఎవరూ ఏదీ చెప్పరు, తిట్లు తప్ప. మీరు చేరినప్పటి ఒప్పందం, రసీదులు దగ్గర పెట్టుకోండి. ఫీజు తీసుకుని చెప్పినవి పెట్టకపోతే అది సేవాలోపం, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. వేధింపు, తిండి ఆపేయడం లాంటివి జరిగితే సీనియర్ సిటిజన్ల కోసం ఎల్డర్ లైన్ 14567 ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. కాగితం ఇచ్చిన మర్నాడే ఇవి వాడక్కర్లేదు. ముందు బుధవారం దాకా చూడండి, ఆ రోజు వచ్చిన ముక్క సైజు ఎంతుందో నాకు రాయండి.